ఖాళీ హాల్లో కర్చీఫులు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. భీమవరంలో మన సినిమా హాలు ఇప్పుడు నేనే చూస్తున్నాను.

పెద్ద సినిమా దొరికేదాకా హాలు ఖాళీగా ఉండకూడదని ఓ చిన్న సినిమా వేశాను. నలుగురొచ్చినా ఆట ఆపొద్దనేవాడివి నువ్వు. పొద్దున పెద్ద సినిమా ఖాయమైంది. ఫస్ట్ షో నుంచే చిన్నదాన్ని తీసేయమన్నాను.

మ్యాట్నీ వదిలాక లోపలికెళ్తే, ఆ చిన్న సినిమా డైరెక్టర్ వాళ్ళమ్మ ఒక వరుసంతా సీట్ల మీద కర్చీఫులు వేస్తోంది.

"ఫస్ట్ షోకి పెనుగొండ నుంచి మావాళ్ళొస్తున్నారండి. మళ్ళీ సీట్లు దొరకవేమోనని," అంది.

తీసేసిన సంగతి నోటిదాకా వచ్చింది. ఇంతలో ఒక కర్చీఫు తక్కువైందని ఆవిడ అటూ ఇటూ చూసింది. నా జేబులోది తీసి ఇచ్చాను.