తీసెయ్యాల్సిన చుక్క

గురువారం, ఉదయం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నేను క్షేమం. నువ్వు క్షేమమేనని మీ వార్డెన్ చెప్పారు. ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను.

నిన్న మీ టీచరమ్మ ఫోన్ చేశారు. ఈ మధ్యాహ్నం సమీక్షకు రాకపోతే నెట్‌వర్క్ సైన్స్ కోర్సులో నీ సీటు పోతుందన్నారు. సొంత కుటుంబంలో ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో పటం గియ్యాలట. మనిషికో చుక్క, ఇద్దరి మధ్య ఫోన్లుంటే ఓ గీత. తర్వాత అందరికంటే ఎక్కువ గీతలున్న చుక్కను తీసేసి, మిగిలినవాళ్ళు ఎంతవరకు కలిసి ఉంటారో చూడాలట.

మన పటంలో ఆ చుక్క మీ అమ్మది. నిరుటి ఫోన్లతో గీశావు కాబట్టి ఆమె ఇంకా అందులో ఉంది. తీసెయ్యమంటే లేచి వెళ్ళిపోయావట. చదువే మానేస్తానన్నావట. మీ అమ్మ పోయిన సంగతి టీచరమ్మకు తెలియదు. నేనే చెప్పాను. వేరే కుటుంబాన్ని గియ్యమన్నా నువ్వు ససేమిరా అన్నావట.

నాకు కోపం రాలేదు. నీళ్ళ సరఫరాలో మా పనీ ఇదే. ఒక వాల్వ్ కట్టేసి, ఏ వీధికి నీళ్ళు ఆగాయో చూస్తాం. కొత్త పైపు ఎక్కడ వెయ్యాలో అప్పుడే తెలుస్తుంది.

నువ్వు చేరేటప్పుడు, కరెంటు తీగలూ రోడ్లూ అంటురోగాలూ స్నేహాలూ అన్నీ ఒకే చదువులోనా, ఇదేం కలగూరగంప అన్నాను. మీ అమ్మ నవ్వి, ఒకదాన్ని ఇంకోదానితో కలిపేది నేర్పుతారట, మీరూ చేరండి అంది.

మీ పిన్నికి ఫోన్ చేశాను. ఏంటి బావగారూ, నంబరు తప్పు నొక్కారా అని ఆటపట్టించింది. తర్వాత ఏడ్చింది. అక్క పోయాక మీ తమ్ముడు వాళ్ళు ఎలా ఉన్నారో చెప్పేవాళ్ళే లేరంది. మీ బాబాయి నా సొంత తమ్ముడు. నాకూ తెలియదన్నాను.

సమీక్షకు వెళ్ళు. చుక్క తియ్యి. తీసినంత మాత్రాన ఆమెను నువ్వు పంపించేసినట్టు కాదు.

ఇట్లు,
నాన్న

తా.క.: టీచరమ్మ నీ పటం నాకు పంపారు. ఆఫీసులో అచ్చు తీసి, మీ అమ్మ చుక్క మీదా ఆమె గీతల మీదా తెల్ల సిరా పూశాను. పిన్ని వాళ్ళు ఒక పక్క, బాబాయి వాళ్ళు ఒక పక్క మిగిలారు. నువ్వు ఒక్కదానివీ ఒక మూల. నేను ఇంకో మూల. మీ అమ్మే నీకు ఫోన్ చేసి నా చేతికిచ్చేది కదా. ఏడాది మొత్తంలో నీకూ నాకూ మధ్య ఒక్క గీత లేదు. నలుగురిలో అది బయటపడకూడదనే లేచి వెళ్ళిపోయావని అప్పుడు అర్థమైంది. ఫరవాలేదమ్మా, చూపించు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు, మీ వార్డెన్ చేతికిస్తున్నాను. మీ హాస్టల్ మెట్ల కింద బెంచీ మీద కూర్చుని ఉంటాను. మాట్లాడకపోయినా సరే. దిగి రా, కలిసి వెళ్దాం.