మూత మీద రెండు పూతలు

ఏమండీ,

జనరేటర్‌కని కొన్న కొత్త డీజిల్ పంపు డబ్బా విప్పకండి. అలాగే తీసుకెళ్లి షాపులో ఇచ్చేయండి. జనరేటర్ మూడు గంటలుగా ఆగకుండా ఆడుతోంది! లాండ్రీలో మిషన్లన్నీ తిరుగుతున్నాయి, నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

మిలిటరీ వేలంలో మీరు మోజుపడి కొన్న ఈ మహానుభావుడు అచ్చం మీలాగే అరగంటకోసారి ఎందుకు అలుగుతున్నాడో తెలిసిపోయింది. పొద్దున ఆగిపోగానే డీజిల్ ట్యాంకు మూత తిప్పాను. సుయ్యిమని గాలి లోపలికి లాక్కుంది. మూతకి గాలి ఆడే సన్నని చిల్లు ఒకటి ఉంది. మీరు ముచ్చటగా వేసిన రెండు పూతల ఆకుపచ్చ రంగు దాన్ని పూడ్చేసింది. పాపం ఊపిరాడకపోతే డీజిల్ ఎలా దిగుతుంది? దుప్పట్లు కుట్టే దబ్బనంతో ఒక్క పోటు పొడిచాను, అంతే! "నీకెందుకు మిషన్ల గొడవ" అన్నారుగా, ఇప్పుడనండి!

హాస్టల్ దుప్పట్లు ఇచ్చేసి వస్తాను. ఆ మూత జోలికి మళ్లీ బ్రష్షుతో వెళ్లారో, చూడండి!

అన్నట్టు, నెల రోజులుగా మీరు తిడుతున్న మెకానిక్ వచ్చాడు. మూత చూసి పడీపడీ నవ్వాడు. రంగు వేసింది నేనేనని చెప్పాను. మీరూ ఆ మాట మీదే ఉండండి.