పాప సీటులో పండుగప్ప

శ్రీయుత రవాణా అధికారి వారి సముఖమునకు,

కళింగపట్నం గ్రామ కాపురస్తుడు, మత్స్యకార సహకార సంఘం మాజీ అధ్యక్షుడు, చేపల వర్తకంపై జీవించు సూరాడ దాలయ్య సమర్పించుకొను అర్జీ.

తేది: 18-11-2017

విషయం: పసిపిల్ల కారు సీటు ఒకటి, అందులోని చేప ఒకటి తమ కార్యాలయ స్వాధీనంలో ఉండుట – చేపను తమరే ఉంచుకొని సీటును మాత్రం విడుదల చేయించుట గురించి.

అయ్యా,

1. నేను పన్నెండేళ్ళు సంఘం అధ్యక్షుడిగా ఉండి ఐసు ఫ్యాక్టరీ గురించి, వలల సబ్సిడీ గురించి, తుఫాను పరిహారం గురించి తమవంటి పెద్దలకు పెట్టుకున్న అర్జీలు నూటికి పైమాటే. వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదని ఇక్కడ ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. అర్జీ రాయడం నాకు చేతనవుననీ, ఈ దిగువ రాసినది తాగి రాసినది కాదనీ మనవి చేసుకోవడానికే ఈ పేరా.

2. నా కుమార్తె హేమ రాజాంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమె కూతురు హర్షితకు ఏడో నెల నడుస్తోంది. ఈ నెల 23వ తేదీ గురువారం మా ఇంట్లో పాపకు అన్నప్రాసన. మేనమామ అయిన నా కొడుకు ధనరాజు మొదటి ముద్ద పెట్టాలి. పాపను తీసుకురావడానికని నేను ఒక పాత కారు కొన్నాను. ఆ సంగతి ఫోనులో చెబితే హేమ సంతోషించలేదు. ఆసుపత్రికి వచ్చే తలదెబ్బల కేసులు రెండు వివరంగా చెప్పి, "పాప ఎవులొళ్ళోనూ రాదు నాన్నా. సీటు బిగించినావంటే వస్తాం. నేదంటే ముద్ద ఇక్కడే పెట్టీసుకుంటాం" అన్నది.

3. ఇక సీటు ఎంపిక విషయం. మా పేటలో కొత్త తాడును దుకాణదారు మాట మీద ఎవడూ నమ్మడు. ఆ తాడును నడుముకు కట్టుకొని నీళ్ళలో దిగవలసిన మనిషి ఎంత బరువుంటే అంత బరువు దానికి కట్టి, అలల్లోకి విసిరి లాగి చూస్తాం. తాడు నిలిస్తే మనిషి దిగుతాడు. ఇది మా తాతల నాటి పద్ధతి. తాడుకే ఇంత పరీక్ష ఉండగా, పిల్లను కట్టే సీటుకు ఉండవద్దా? పాప బరువు ఏడు కేజీల నాలుగు వందల గ్రాములని హేమ చెప్పింది. రాయి కడితే సీటు గుడ్డ చిరుగుతుంది. బియ్యం మూటకు తలా మెడా ఉండవు. అందువల్ల సరిగ్గా అదే తూకం గల పండుగప్ప చేపను ఎంపిక చేయడమైనది. కోనాం చేప పొడుగు, సీటులో ఇమడదు. పండుగప్ప అయితే బొద్దుగా ఉంటుంది, తల ఉంటుంది, అన్నిటికీ మించి జారుతుంది. జారే చేపను ఆపిన సీటు పిల్లను ఆపదా అని నా ఆలోచన.

4. మొదటి సీటు రాజాంలో సైకిళ్ళు, బొమ్మలు అమ్మే చంద్రమౌళి గారి దుకాణంలో కొన్నది. అది ముందుకు ముఖం పెట్టే సీటు. పెట్టె మీద ఏడాది దాటిన పిల్లలకని రాసి ఉంది. అది కంపెనీ వాళ్ళు ఊరికే రాస్తారని చంద్రమౌళి గారు సెలవిచ్చారు. నా బావమరిది గంగులు కారు తోలగా, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద నలభై వేగంలో బ్రేకు తొక్కించాను. చేప పట్టీల కింద నుంచి జారి, ముందు అద్దానికి కొట్టుకొని, గంగులు ఒళ్ళో పడింది. గంగులు ముప్పై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడు. చేప తనంతట తాను తన దగ్గరికి రావడం ఇదే మొదటిసారని ఒప్పుకున్నాడు.

రెండవ సీటును గంగులే తయారుచేశాడు. చేపల ట్రేలో దూది పరుపు వేసి, నైలాను తాళ్ళతో పడవ ముడులు వేశాడు. బ్రేకు తొక్కితే ట్రే కదల్లేదు, చేప కదల్లేదు. అయితే ముడులు బిగుసుకుపోయి, చేపను కత్తితో కోసి ముక్కలుగా బయటికి తీయవలసి వచ్చింది. చేపను కూర వండుకున్నాం గానీ సీటును తిరస్కరించాం.

మూడవది ధనరాజు ఫోనులో చూసి తెప్పించినది. ఏడాది లోపు పిల్లలను ఇందులో వెనక్కి ముఖం పెట్టి కూర్చోబెట్టాలట. బ్రేకు పడినప్పుడు మెడ మీద భారం పడకుండా తలనీ వీపునీ సీటే కాస్తుందని దానితో వచ్చిన కాగితంలో బొమ్మలు వేసి చూపించారు. ఇందుకు నా భార్య లక్ష్మణమ్మ అభ్యంతరం తెలిపింది. "పిల్ల మొకం ఎనక్కెడితే మనింటికి వస్తన్నట్టా, మనింటికాడి నుంచి ఎల్తన్నట్టా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు లేదు. ఏమైనా కొత్త చేపను తెచ్చి కూర్చోబెట్టాం. తల నిలుస్తుందో లేదో తెలియడానికి లక్ష్మణమ్మే, అలిగిన ముఖంతోనే, పాప టోపీ తెచ్చి చేప తలకు తొడిగింది. ఎండ తగలకుండా తువ్వాలు కప్పింది. అయిదుసార్లు బ్రేకు తొక్కాం. చేప కాదు గదా, టోపీ కూడా చెదరలేదు.

5. తొమ్మిదో తేదీన ఆ సంతోషంతో ఇంటికి తిరిగి వస్తుండగా తమ ఇన్‌స్పెక్టరు గారు కారు ఆపారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వెనక వైపు తొంగి చూసి, పసిపిల్లకు సీటు పెట్టినవాణ్ణి ఈ రోడ్డు మీద మొదటిసారి చూస్తున్నానని నా చెయ్యి పట్టుకొని అభినందించారు. పాప పేరడిగారు. హర్షిత అన్నాను. సీటు ఆమెదే గనుక అది అబద్ధం కాదని ఇప్పటికీ నా మనవి. నిద్రపోతోందా అంటూ వారు తువ్వాలు తొలగించి బుగ్గ మీద వేలు పెట్టారు. ఆ తరువాత వారు కాసేపు రోడ్డు పక్కన కూర్చున్నారు. గంగులు మంచినీళ్ళు ఇచ్చాడు.

లేచాక వారు రాసిన కాగితంలో సొంత వాహనంలో చేపల రవాణా, అధికారిని మోసగించుట అని రెండు నేరాలు ఉన్నాయి. కారును వదిలిపెట్టి, సీటును చేపతో సహా పట్టుకున్నారు. ఒక్క చేపకు సీటు వేసి, పట్టీలు కట్టి, టోపీ తొడిగి రవాణా చేసే వర్తకుడు ఈ తీరంలో ఎక్కడైనా ఉన్నాడేమో తమరే విచారించగలరు.

6. అప్పటినుంచి తమ కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాను. గుమస్తా నారాయణమూర్తి గారు మర్యాదస్తులు. ముక్కుకు రుమాలు కట్టుకొని అయినా నాతో ఓపిగ్గా మాట్లాడారు. చేప ఈ కేసులో సాక్ష్యం కనుక బయట పారేయడానికి వీల్లేదట. సీటు వదలాలంటే అది పిల్ల కోసమేనని రుజువు చూపాలట. పుట్టిన సర్టిఫికెట్ తెచ్చాను. చాలదన్నారు. పిల్లను స్వయంగా హాజరుపరిచి, ఆ సీటులో కూర్చోబెట్టి చూపాలన్నారు. సీటు లేనిదే మా అమ్మాయి పిల్లను పంపదు. పిల్ల రానిదే తమరు సీటును వదలరు. బస్సులో తెచ్చుకోమని అక్కడున్న కొందరు సలహా ఇచ్చారు. పిల్లనెత్తుకొని రాజాం బస్సులో నిలబడి వచ్చినవారు ఎవరూ ఆ సలహా ఇవ్వలేదు. నా ఇబ్బందిని నాలుగు విధాలుగా విన్నవించుకోగా, నారాయణమూర్తి గారు చివరికి జాలిపడి, "దీనికేటండీ, మోటారుబండి మీద ముందు కూకోబెట్టుకొని తెచ్చీండి" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వారి తల వెనక గోడ మీద పిల్లల భద్రత మన బాధ్యత అని పోస్టరు అంటించి ఉంది.

7. ఈ పేరా అర్జీకి అవసరం లేదు. అయినా రాస్తున్నాను. హేమకు పదకొండో నెలలో, ఆమెను ఒళ్ళో పెట్టుకొని ఐసు లారీలో డ్రైవరు పక్కన కూర్చొని వస్తున్నాను. గార ఊరు దాటాక మేక అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు తొక్కాడు. నేను పిల్లను వదిలేయలేదు. రెండు చేతులతోనూ పట్టుకొనే ఉన్నాను. అయినా జారిపోయింది. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పటికీ ఆ మచ్చ కనబడకుండా దాని మీదనే బొట్టు పెట్టుకుంటుంది. ఈ ఇరవై అయిదేళ్ళలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేను చేతుల బలం మీద వలలు లాగి బతికినవాణ్ణి. పిల్లను ఆపడానికి చేతులు చాలవని ఆ రోజు తెలిసింది. పోయి పోయి జారే చేపనే ఎందుకు కట్టావని నారాయణమూర్తి గారు నన్ను అందరి ముందూ అడిగారు. అక్కడ చెప్పలేకపోయాను. నాకు భయమండీ, అందుకని.

8. కావున తమరు దయతో సీటును సోమవారం నాటికి విడుదల చేయించాలనీ, టోపీ పాపది గనుక దానిని కూడా ఇప్పించాలనీ ప్రార్థన. చేపను కేసు నిమిత్తం తమరు ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు, నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. సీటు గుడ్డ ఊడదీసి ఉతకవచ్చని కాగితంలో ఉంది కాబట్టి వాసన గురించి తమరు దిగులు పడనవసరం లేదు. నిన్న పాపను తూచితే ఏడు కేజీల ఐదు వందల యాభై ఉందట. తమ దగ్గర ఫైలు కదలకపోయినా పాప నూట యాభై గ్రాములు పెరిగింది. ఇంకా ఆలస్యమైతే చేపకూ పిల్లకూ తూకం కుదరలేదని కొత్త అభ్యంతరం వచ్చే ప్రమాదం ఉన్నది.

ఇది యావత్తూ తమరు ముక్కు మూసుకొని అయినా చిత్తగించవలెను.

ఇట్లు,
సదరు చేపకు బాధ్యుడు,
తమ విధేయుడు,
సూరాడ దాలయ్య

తా.క. బాబూ, పైదంతా ధనరాజుగాడు నాకు సెప్పకండా ఫోన్లో హేమకి సదివీసినాడు. సేప గంగులు ఒళ్ళో పడ్డకాడ అది తెగ నవ్వినాది. ఏడో నెంబరు కాడ నవ్వాగిపోనాది. తరవాత, "నాన్నా, నాకా దెబ్బ గ్యాపకమే నేదు. నువ్వే మోస్తన్నావు ఇన్నాళ్ళూ. సీటు రానీ. పాప పక్కన నువ్వే కూకో" అన్నాది. సోమారం పదిన్నరకి మీ ఆపీసుకాడికి వస్తాను. సీటిచ్చీండి బాబూ. రాజాం నుంచి మా ఇల్లొచ్చీవరకూ దాని పక్కనే కూకుంటాను, సేతులు రెండూ కాళీగా పెట్టుకొని.