కుక్క కూడా దగ్గుతోందా?

తెరెసీనా ఆసుపత్రి, మంగళవారం

జెనిల్దీ, నేను బతికే ఉన్నాను, ఇకముందూ ఉంటాను. ముందు ఆ ఏడుపు ఆపి ఇది చదువు.

నాది క్షయ కాదే! పొద్దున కొత్త డాక్టరమ్మ వచ్చి, "మీ ఇంట్లో కుక్క ఉందా? అదీ దగ్గుతోందా?" అంది. నాకు ఒళ్లు మండింది. "నేనిక్కడ చస్తుంటే కుక్క యోగక్షేమాలు దేనికమ్మా?" అన్నాను. "వేటాడారని పట్టుకోడానికి నేను అడవి గార్డుని కాదులెండి. ఒంటిమీద పెంకుండే ఆ తాతూల వేటకెళ్లి బొరియలు తవ్వారా, లేదా?" అంది నవ్వుతూ. ఇంక దాచలేకపోయాను. తవ్వింది నేనూ మీ తమ్ముడు జోసిమారూ, బొరియలో మూతి పెట్టింది మన ఫైస్కా, ముగ్గురం దగ్గుతున్నాం! ఆ మట్టిలోని బూజు దుమ్ముతోపాటు ఊపిరితిత్తుల్లోకి దిగిందట. పరీక్షలోనూ అదే తేలింది. "ఎద్దులా ఉండేవాణ్ణి, నాకెలా వచ్చింది?" అంటే, ఎద్దులాంటి వాళ్లకీ వస్తుందట. మీ అమ్మతో చెప్పు, ఇది నా తాగుడు వల్ల కాదని!

మందు నెలల తరబడి మింగాలట, మింగుతాను. జోసిమార్‌ని ఇక్కడికి రేపటి బస్సే ఎక్కించు. పండక్కి మళ్లీ తవ్వుతానంటే పార దాచెయ్. మేక ఈనిందా? ఫైస్కాని ఎవరూ కసరొద్దు, నా జబ్బేంటో పట్టిచ్చింది అదే.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదట. వేరుగా పెట్టిన నా పళ్లెం అందరివాటిలో కలిపెయ్. పుట్టినప్పటినుంచీ గుమ్మం అవతలనుంచే చూసిన చంటిదాన్ని, నేనొచ్చే రోజు బస్సు దగ్గరికే ఎత్తుకురా. అందరికీ నా దీవెనలు. చంటిదానికి ముద్దులు మాత్రం కార్డులో పంపను, నేనే వచ్చి పెడతాను.

నీ వాల్దెనోర్