సగమయ్యేదాక మరగబెట్టిన నీళ్లు

మంగళవారం

ఛీ, నా మీద నాకే అసహ్యమేస్తున్నది. ఇయ్యాల శంషాబాద్ దవాఖానల మీటింగుల డాక్టరమ్మ చెప్పింది, మా బస్తీ బోరు నీళ్లల్ల ఆర్సెనిక్ ఉన్నదట. కడుపుతోని ఉన్నోళ్లు తాగితే లోపలి బిడ్డకు చేరుతదట. బిడ్డ బరువు తక్కువ పుట్టొచ్చు, పెద్దగైనంక చదువుల గూడ వెనకబడొచ్చునట. మరగబెట్టినా పోదట. నీళ్లు ఆవిరైతయి గానీ విషం గిన్నెలనే మిగుల్తదట.

ఆశా వర్కర్‌నని ఇంటింటికి తిరిగి "మరగబెట్టుకొని తాగుండ్రి" అని చెప్పింది నేనే గదా!

సీదా షబానా ఇంటికి పోయిన. ఆమెకు ఏడో నెల. నేను నోరు తెరవకముందే సంబురంగ అన్నది:

"అక్కా, నువ్వు చెప్పినట్టే చేస్తున్న. గిన్నెడు నీళ్లు సగమయ్యేదాక మరగబెడుతున్న. పెద్దపిల్లకు పాలపొడి గూడ అండ్లనే కలుపుతున్న."

అంతా చెప్పిన. ఆమె కడుపు మీద చెయ్యి పెట్టుకొని, "మరి ఇగ ఏం తాగాలె అక్కా?" అన్నది.

గా ముచ్చట మీటింగుల ఎవ్వరు చెప్పలే. మాకు మాత్రం తలా ఒక నీళ్ల సీసా ఇచ్చిండ్రు. నాది బ్యాగులకెళ్లి తీసి ఆమె చేతిల పెట్టిన.

దాంట్ల సగం అప్పటికే నేను తాగేసిన.