ఎప్పుడొస్తుందని అడగను

జూన్ 16, సోమవారం

నాకున్న ఈ పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, వచ్చినవాళ్ల చేతిరాత రానురానూ చిన్నదైపోతుందట. రోజూ ఒక పేజీ పెద్ద పెద్ద అక్షరాలతో రాయమన్నారు డాక్టరు గారు. ఏం రాయాలో చెప్పలేదు. ఇవాళ విషయం దొరికింది.

నిన్న చర్చి నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాక మా అమ్మాయి క్యారల్‌ని అడిగాను, "ఆ మందు ఎప్పుడొస్తుందమ్మా?" అని. క్యారల్ పరిశోధన చేస్తోంది. నాలాంటివాళ్ల మెదడులో కణాలు చచ్చిపోకుండా కాపాడే మందు మీద. ప్రస్తుతం ఎలుకలకి ఇస్తున్నారు. ఆ ప్రశ్న నేను పొద్దున కూడా అడిగానని మా ఆవిడ ప్రేమమణి అంటుంది. పొద్దున అడిగింది వేరే. "ఇంకా రాలేదా?" అన్నాను.

క్యారల్ కంచం వదిలి లేచిపోయింది.

"డాడీ, నేను ఇంటికొచ్చేది నీ కూతురిగానా, మందుల షాపు లాగానా?"

కోడికూర అలాగే ఉండిపోయింది.

కనుక తీర్మానం. ఎలుకల ఫలితాలు తేలేదాకా మందు ఊసెత్తను.

1. నేరుగా అడగను.
2. ఇంకొకరి చేత అడిగించను.
3. అడుగుతున్నట్టు ముఖం పెట్టను. (ఇది సులువు. ఈ జబ్బులో ముఖం ఎలాగూ కదలదు.)

సికింద్రాబాద్ స్టేషన్ ఎంక్వయిరీ కౌంటర్లో సర్వీసంతా గడిపినవాణ్ణి. "ఎప్పుడొస్తుంది" అనే మాట మనిషిని ఎంత తినేస్తుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

జూన్ 17, మంగళవారం

ఘనవిజయం!

క్యారల్ సాయంత్రం వచ్చింది. వాన గురించి మాట్లాడాను. దోసకాయల గురించి మాట్లాడాను. దోసకాయలు ఈసారి చేదుగా ఉంటున్నాయని చెప్పాను. అంతే.

ప్రేమమణి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా అండీ?"

ఈ లెక్కన సంవత్సరమైనా ఉండగలను.

జూన్ 19, గురువారం

చిన్న విషయం. రాసి పెట్టడం మంచిది.

క్యారల్ టీ తాగుతుంటే "ఎలుకలు తిన్నాయా అమ్మా?" అన్నాను. ఇది మందు గురించిన ప్రశ్న కాదు. మూగజీవాల గురించి.

"తిన్నాయి డాడీ."

"నడుస్తున్నాయా?"

క్యారల్ కప్పు కింద పెట్టింది. నేను దోసకాయల సంగతి ఎత్తాను.

జూన్ 22, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. దేవుణ్ణి అడగకూడదని తీర్మానంలో లేదు. లేచి నిలబడ్డాను. "మా అమ్మాయి ల్యాబులో ఎలుకల కోసం ప్రార్థించండి" అన్నాను.

ఈమధ్య నా గొంతు బాగా సన్నబడింది. చివరి వరసలకి "ఎలుకల" ఒక్కటే వినిపించినట్టుంది.

ఆరాధన అయ్యాక మేబెల్ గారు గేటు దగ్గర పట్టుకున్నారు. స్త్రీల సమాజానికి పెద్ద ఆవిడ. "బ్రదర్, మా ఇంట్లోనూ ఇదే బాధ. ప్రార్థనతో పాటు బోను కూడా పెట్టాలండీ. మా దగ్గర ఇనపది ఒకటి ఉంది, పంపిస్తాను."

క్యారల్ మా పక్కనే ఉంది. నవ్వు ఆపుకుందో ఏడుపు ఆపుకుందో తెలియలేదు.

మూడింటికి బోను వచ్చింది.

జూన్ 25, బుధవారం

రెండో నిబంధన పోయింది. తప్పు పూర్తిగా నాది కాదు.

పక్కింటి ఓంప్రకాశ్, నేను సాయంత్రాలు మారేడ్‌పల్లి వీధుల్లో నడుస్తాం. నా అడుగులు చిన్నవి. ఆయనకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ సరిపోతుంది. నడుస్తూ ఆయనే అడిగారు, "ఏం సార్, బిడ్డ చేస్తున్న దవాయి ఎక్కడిదాక వచ్చింది?"

"నేను అడగకూడదు. మీకు ఆ అడ్డు లేదు" అన్నాను. అది అడిగించడం కాదు. ఉన్న పరిస్థితి చెప్పడం.

మేం తిరిగొచ్చాక, క్యారల్ స్కూటీ ఆపుతుండగా ఆయన గేటు పట్టుకుని మొదలుపెట్టారు. "బేటా, ఆ దవాయి సంగతేంది? జెర మాక్కూడా చెప్పరాదు."

క్యారల్ ఆయన్ని కాదు, నన్ను చూసింది. తర్వాత హెల్మెట్ తీసి గోడ మీద పెట్టి, చేతులు తిప్పుతూ చెప్పింది.

"పెప్టైడ్ అని చిన్న ప్రోటీన్ ముక్క అంకుల్. మెదడులో కణాలు చావకుండా అడ్డుకుంటుంది. కానీ రక్తంలోకి ఎక్కించగానే ఒంట్లో ఉన్న ఎంజైములు దాన్ని కొరికేస్తాయి. అందుకని దాని రూపు కాస్త మార్చాం. పైన పాలిమర్ తొడుగు వేశాం. ఇప్పుడు రక్తంలో చాలాసేపు ఉంటోంది."

"మరింకేంది, అయిపోయినట్టే గదా!"

"లేదంకుల్. మెదడు గుమ్మం దగ్గర కాపలా గట్టిది. కనపడ్డవాటినల్లా లోపలికి రానివ్వదు. ఇది పోయిందో లేదో ఈ ఎలుకలు చెప్పాలి. తర్వాత పెద్ద జంతువులు, ఆ తర్వాత మనుషులు. అన్నీ కలిసొస్తే పదిహేనేళ్లు. చాలావరకు కలిసిరావు."

"పదిహేనేండ్లా? గప్పటికి..." అని ఓంప్రకాశ్ ఆగిపోయారు.

నాకు అరవై ఎనిమిది. కూడిక ముగ్గురమూ చేసుకున్నాం.

"వానొచ్చేటట్టున్నది, నేను పోతా" అని ఆయన వెళ్లిపోయారు. ఎండ కాస్తోంది.

జూన్ 26, గురువారం

ఇక అడగాల్సిన పనే లేదు. పదిహేనేళ్లని తేలిపోయింది. తీర్మానం దానంతటదే నెరవేరినట్టు.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇవాళ చాలాసేపు పట్టింది. ప్రేమమణి సాయం వస్తానంది. వద్దన్నాను. తర్వాత రమ్మన్నాను.

అక్షరాలు చిన్నగా వస్తున్నాయి. ఈ పెన్ను మంచిది కాదు.

జూలై 1, మంగళవారం

ఆశీష్‌కి ఫోన్ చేశాను. క్యారల్‌తో పాటు పనిచేసే అబ్బాయి. మధ్యాహ్నం అది భోజనం చేసిందో లేదో కనుక్కుందామని మాత్రమే.

"తింది అంకుల్. నాక్కూడా పప్పుచారు పెట్టింది."

"మంచిది. ఎలుకలు ఎలా ఉన్నాయి?"

"మాకూ తెలీదంకుల్. దేనికి మందు ఇచ్చామో, దేనికి ఉత్త సెలైన్ ఇచ్చామో మాకు చెప్పరు. తెలిస్తే మందు ఇచ్చినవే బాగా నడుస్తున్నట్టు మా కళ్లకి కనపడుతుంది కదా. శుక్రవారం జాబితా విప్పుతారు."

శుక్రవారం! ఫలితాలొస్తే తీర్మానం గడువు తీరినట్టే. ఈ మూడు రోజులు పెద్ద కష్టం కాదు.

జూలై 4, శుక్రవారం

పొద్దున్నే గడ్డం గీసుకున్నాను. ప్రేమమణి గీసింది.

ఆరు దాటాక క్యారల్ వచ్చింది. స్కూటీ స్టాండు వేసి, లోపలికి రాకుండా మెట్ల మీద కూర్చుంది. బూట్లు విప్పలేదు.

ఇవాళ అడగొచ్చు. గడువు తీరింది. నోరు తెరిచాను. దాని వీపు చూసి మూసుకున్నాను.

"వాన పడలేదు ఇవాళ" అన్నాను.

"ఊఁ."

"దోసకాయలు మీ అమ్మ మానేసింది. బీరకాయలు తెచ్చింది."

"సరే డాడీ."

లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నం వద్దంది.

ప్రేమమణి వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. "ఇన్నాళ్లూ అడగొద్దంటే అడిగారు. ఇవాళ అడగాల్సినప్పుడు బీరకాయలా?"

"తీర్మానం..."

"తగలెయ్యండి దాన్ని."

నియమం ప్రకారం చూస్తే ఆ మొదటి మంగళవారం లాగే ఇదీ ఘనవిజయమే. ఎక్కడో తేడా కొట్టింది.

జూలై 5, శనివారం

టిఫిను దగ్గర క్యారల్ ఇడ్లీ తుంపుతూ, తినకుండా అంది, "నిన్న ఎందుకడగలేదు?"

"అడగొద్దన్నావు కదమ్మా."

"అన్నాను. అయితే మాత్రం! ల్యాబులో అందరికీ తెలుసు, నన్నెవరూ అడగరు. ఇంట్లో కూడా అడక్కపోతే నేనెవరికి చెప్పుకోవాలి డాడీ?"

అడిగాను. "ఏమైందమ్మా?"

మందు ఇచ్చిన ఎలుకలూ, సెలైన్ ఇచ్చిన ఎలుకలూ ఒకేలా తూలుతున్నాయట. తొడుగు బాగా పనిచేసింది, మరీ బాగా. రక్తంలో దాన్ని ఏ ఎంజైమూ ముట్టుకోలేకపోయింది. మెదడు గుమ్మం దగ్గరికి వెళ్లాక ఆ తొడుగే అడ్డం పడింది. మందు లోపలికి పోలేదు.

"మూడేళ్లు డాడీ" అంది. అని ఏడ్చింది.

వెళ్లి దాని తల మీద చెయ్యి పెట్టాను. నిమరక్కర్లేదు, పెడితే చాలు. ఆ చెయ్యి ఊరికే ఉండదు కదా. కాసేపటికి దానికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నీకు అందదని మొన్న గేటు దగ్గర విన్నావు. అయినా ఎందుకడుగుతావు?"

దాని పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ జబ్బులో అన్నీ ఆలస్యంగానే అవుతాయి.

"మొదట్లో నాకోసమే అడిగాను. నిజం. ఇప్పుడు నువ్వు చెప్పేటప్పుడు చేతులు తిప్పుతావు చూడు, అది చూడ్డానికి."

క్యారల్ తన చేతులు చూసుకుంది. ఇడ్లీ అంటుకుని ఉన్నాయి.

ప్రేమమణి ఇంకో రెండు ఇడ్లీలు వేసి, "తిని మాట్లాడుకోండి" అంది.

జూలై 7, సోమవారం

కొత్త తీర్మానం. షరతులు క్యారల్‌వి.

1. రోజుకో ప్రశ్న అడగొచ్చు. అడగడం మానకూడదు.
2. అందులో "ఎప్పుడు" అనే మాట ఉండకూడదు.

పొద్దున గేటు దగ్గర మొదటి ప్రశ్న అడిగాను. "ఇవాళ ఏం చేస్తారమ్మా?"

తొడుగు మారుస్తారట. గుమ్మం దాకా గట్టిగా ఉండి, అక్కడికి చేరాక దానంతటదే ఊడిపోయేలాంటిది. చేతులతో చూపించింది. ఒక గుప్పిట మూసి, దాని మీద రెండో చెయ్యి కప్పి, మెల్లగా తీసింది. చాలా బావుంది. ఓంప్రకాశ్ కూడా వాళ్ల వరండాలోంచి చూశారు.

స్కూటీ స్టార్ట్ చేసింది. సరిగ్గా అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "అది ఎప్పటికవుతుందమ్మా?"

క్యారల్ బండి ఆపేసింది. హెల్మెట్ అద్దం పైకెత్తి నా వంక చూసింది. కోపం లేదు.

"తెలీదు డాడీ."

"సరే. వానలో తడవకుండా వెళ్లు."

వెళ్లింది. మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

రేపటి నుంచి "ఎప్పుడు" అని అడగను.