డీజిల్లో పోసిన మందు

మైపాడు, సోమవారం.

సామ్రాజ్యానికి, ప్రభువు దయవల్ల నేను బాగున్నాను.

నిన్న పాప బాప్తిస్మానికి గూడూరు రాలేకపోయాను, కోపగించుకోవద్దు. లారీ పొగ కక్కుతూ లాగలేకపోతుంటే, త్వరగా ఇల్లు చేరవచ్చని డీజిల్లో కలిపే మందు ఒక సీసా కొని పోశాను. శనివారం చేపలు దించి వస్తూ ఉంటే ఇసుక దారిలో బండి ఆగిపోయింది. మెకానిక్కు ఆదివారం గాని రాలేదు. "నీ మందు ట్యాంకు అడుగున ఉండే మురికినంతా కదిలించినాదన్నా. అదొచ్చి ఫిల్టర్లో అడ్డం పడినాది. డీజిలు వడగట్టి పోసుకో, ఏ మందూ అక్కర్లేదు" అన్నాడు. బండి కదిలేసరికి గుడి వేళ దాటిపోయింది. అక్కడ గుడి జరుగుతున్న వేళకు ఇక్కడ సముద్రం ఎదురుగా ఒక్కణ్ణే మోకరించాను.

మీ తమ్ముడు క్రీస్తురాజు పొలం ఇంజనులో ఆ మందే పోస్తానన్నాడు, వద్దని గట్టిగా చెప్పు. నీ దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా దుప్పటి పంపు. ఇక్కడ పలకరించే మనిషి లేడు.

పాపను ఎత్తుకుని పాస్టరుగారి ముందు ఎవరు నిలబడ్డారు? పేరు నేను వచ్చాక అనుకుందామన్నాం కదా, ఏం పెట్టారో వెంటనే రాయి. అందాకా ప్రార్థనలో పాప అనే అంటున్నాను.

దేవుడు మీ ఇద్దరికీ తోడుండాలి.

ఇట్లు, నీ భర్త సమాధానం